మొదటి పలక కింద

మస్కట్,
12 ఫిబ్రవరి 2001

అక్కా,

నీ ఉత్తరం అందింది. మోకాళ్ళ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదంటే నొప్పి బాగా ఎక్కువైందని అర్థం. నువ్వు కులాసాగా ఉన్నప్పుడే కదా నొప్పుల గురించి పేజీలకి పేజీలు రాస్తావు. అమలాపురం వెళ్ళి డాక్టరుకి చూపించుకో. పీచు తాళ్ళు పేనడం కొన్నాళ్ళు మానెయ్. నేను ఉన్నాను కదా.

ఇక అసలు సంగతి. పాతింటి చోటే కట్టుకున్న మన కొత్తింటి హాలుకి నేల పంపిస్తున్నాను. నవ్వకు, నిజంగా నేలే. పదకొండు పెట్టెలు ఓడ కార్గోలో వేసేను. ఆరేళ్ళుగా ఇక్కడ నా పని ఇదే కదా, పెద్దవాళ్ళ ఇళ్ళల్లో హాళ్ళకి చెక్క నేలలు పరవడం. ఇది మాత్రం చెక్క కాదు, వెదురు. ఒక విల్లాలో ఇంటావిడ సగం పనయ్యాక రంగు మార్చమంది. లేత రంగు పెట్టెలు మిగిలిపోయాయి. వాటిని మా ఇంజనీరు యాకోబుగారు నన్ను తీసుకెళ్ళిపోమన్నారు. ఆయనది కేరళ, మంచి మనిషి. ఈ నెలాఖరుకి ఉద్యోగం మానేసి ఇంటికి వెళ్ళిపోతున్నారు.

చెప్తే నమ్మవు గానీ, ఇన్ని హాళ్ళకి నేల వేసేను, వేసిన నేల మీద వట్టికాళ్ళతో ఒక్కసారి కూడా నడవలేదు. పని చేస్తున్నంతసేపూ పాదాలకి గుడ్డసంచులు కట్టుకుంటాం. పనయ్యాక మమ్మల్ని లోపలికి రానివ్వరు. మన హాల్లో నేలైనా వట్టికాళ్ళతో నడవాలని నా కోరిక. సిమెంటు నేల చలి నీ మోకాళ్ళకి మంచిది కాదు, ఇది వెచ్చగా ఉంటుంది.

పెట్టెలు వచ్చేక హాల్లోనే పెట్టించు. ఎవరిచేతా వేయించకు. ఆగస్టులో నాకు సెలవు ఉంది, వచ్చి నా చేత్తో వేస్తాను. మొదటి పెట్టెలో పైనే ఒక కంపెనీ కాగితం ఉంటుంది, దాని మీద సంతకమూ సీలూ ఉన్నాయి. ఓడరేవులో చూపించాలని కార్గోవాళ్ళు అందులో పెట్టించేరు. అది మాత్రం పోనివ్వకు, ఎక్కడైనా భద్రంగా దాచు.

నీ మోకాళ్ళ సంగతి దాచకుండా రాయమని కోరుతూ,
హరి

*

మామిడికుదురు,
2 మార్చి 2001

హరీ,

ముందు తిట్లు. దీవెనలు ఉత్తరం చివర్న ఉంటాయి, ఓపికుంటే అక్కడిదాకా చదువు.

నీ దుంప తెగ, ఇంట్లో వెదురు పరుస్తానంటావేంట్రా? అదీ హాల్లో, నలుగురూ వచ్చి కూర్చునే చోట? ఆ ఎండలకి బుర్ర గానీ కరిగిందా? మనవాళ్ళు వెదురు మీద పడుకునేది ఒక్కసారే. అప్పుడు ఆ మనిషికి ఏమీ తెలీదు కాబట్టి సరిపోయింది. నాన్నని తీసుకెళ్ళిన రోజున నీకు ఆరేళ్ళు. కాలవగట్టు మీద వెదురు నరికి తెచ్చి మన వాకిట్లోనే కట్టేరు. నిన్ను చంకనేసుకుని చూస్తూ నిలబడ్డది నేను. మీ బావ పోయినప్పుడూ అదే వాకిలి. ఆ కట్టుకి వాడిన తాడు నేను పేనిందే. పెరట్లో దండెం మీద ఆరేసి ఉంటే ఎవరో వెళ్ళి లాక్కొచ్చేరు, వద్దని అనలేకపోయాను.

మన గుమ్మంలోంచి వెదురు రెండుసార్లు బయటికి వెళ్ళింది. ఇప్పుడు దాన్ని నువ్వు లోపలికి తెస్తానంటున్నావు. ఇంటికి నువ్వొక్కడివే మగదిక్కు. దేశంకాని దేశంలో ఉన్నావు. నీకేమైనా అయితే నేను ఎవరి మొహం చూసి బతకాలి?

హాలు గోడలకి లేత పచ్చరంగు వేయించేను. పక్కింటి సుబ్బాయమ్మత్తగారు చూసి ఆసుపత్రిలా ఉందే అంది. ఉండనీ. ఫోను చేసి మాత్రం ఈ వెదురు మాట ఎత్తకు. వాళ్ళింట్లో ఫోను పట్టుకుంటే నాకన్నా ముందు ఆవిడే జవాబు చెప్తుంది.

మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నీ మీద కోపంతో లేచి నాలుగుసార్లు వాకిట్లోకి వెళ్ళొచ్చేను, ఏమీ అవలేదు.

నూరేళ్ళు బతుకు, బుద్ధి తెచ్చుకో.
మరిడమ్మ

*

మస్కట్,
24 మార్చి 2001

అక్కా,

ఇది బొంగులు కాదక్కా. వెదురుని సన్నగా చీల్చి, ఉడకబెట్టి, ఆరబెట్టి, మరలో నొక్కి పలకలు చేస్తారు. చూస్తే వెదురని ఎవరూ అనలేరు. ఒక పలక నాలిక ఇంకో పలక గాడిలోకి దూరుతుంది. మేకు అక్కర్లేదు, జిగురూ అక్కర్లేదు. ఓడ బయల్దేరిపోయింది, ఇప్పుడు వెనక్కి తెప్పించడం నా చేతుల్లో లేదు. నీకు ఇష్టం లేకపోతే పెట్టెలు విప్పకు, ఆగస్టులో నేను వచ్చేక చూద్దాం.

నాన్న పోయినరోజు నన్ను చంకనేసుకున్నావని రాసేవు. నాకు నాన్న మొహం గుర్తులేదు, వెదురు అసలే గుర్తులేదు. గుర్తున్నది నీ కాళ్ళు. చెప్పుల్లేకుండా మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడ్డావు. దించమని నేను ఏడుస్తుంటే "వద్దురా, నేల కాలిపోతోంది" అన్నావు. నీ కాళ్ళు కూడా కాలుతున్నాయని నాకు అప్పుడు తెలీలేదు. పెద్దయ్యాక తెలిసింది.

ఆ కాళ్ళ కింద నేను ఒక నేల వేయాలి. ఇంతకన్నా నాకు చెప్పడం చేతకాదు.

ఇక్కడ స్టోరుకి కొత్త మనిషి వచ్చేడు. ప్రతి సామానూ తిరగేసి లెక్క చూస్తున్నాడు. మా గదిలో గ్యాసుపొయ్యి కూడా ఎవరిదని అడిగేడు. యాకోబుగారు వెళ్ళిపోయారు.

నీ తిట్లు కూడా దీవెనలే అనుకుంటూ,
హరి

*

మామిడికుదురు,
6 మే 2001

హరీ,

ఆ ఉత్తరం ఎందుకు రాసేవురా? పోస్టుమేన్ ముందు చదివి నానా అవస్థా పడ్డాను. కళ్ళలో పీచు పడిందని చెప్పేను.

పెట్టెలు గత నెల మూడోవారంలో వచ్చేయి. లారీ వీధిలోకి రాలేదు, రిక్షాల మీద తెచ్చేరు. వారంరోజులు వాటి చుట్టూ తిరిగేను గానీ ముట్టుకోలేదు. ఆఖరికి సత్యానందాన్ని పిలిచేను. మన గుమ్మాలు చేసిన వడ్రంగే. ఒక పలక తీసి వాసన చూసి, చేత్తో నిమిరి "ఆయ్ అక్కగారూ, ఇది వెదురంటే నేనే నమ్మనండీ, ఇంకెవరు నమ్ముతారు?" అన్నాడు. నా మనసు కాస్త కుదుటపడింది.

నువ్వు వచ్చేదాకా ఆగమన్నావని తెలుసు. తిట్టుకో. కానీ నువ్వు గుమ్మంలో అడుగుపెట్టేసరికి నేల సిద్ధంగా ఉండాలని నాకు అనిపించింది. అక్కడ పని, ఇక్కడికొచ్చీ పనేనా? పైగా సత్యానందం జూన్ నుంచి ఐ.పోలవరంలో పడవల పని మీద ఉంటాడు, మళ్ళీ దొరకడు. అందుకని వేయించేశాను. మూడు రోజులు పట్టింది. అంచుల దగ్గర వేలెడు సందు వదలాలని పెట్టె మీద బొమ్మ ఉంది గానీ, సత్యానందం ఒప్పుకోలేదు. "సందు వదిలితే నన్ను పనివాడని ఎవరంటారండీ?" అని గోడకి ఆనించి బిగించేశాడు. వెంట్రుక దూరదు.

ఎంత బాగుందిరా! ఎండ కిటికీలోంచి పడితే హాలంతా తేనెరంగు. ఊరందరికీ ఫారిన్ టేకు అని చెప్పేను. అమలాపురంలో తెల్ల కర్టెన్లు కొన్నాను, పాత కుర్చీలకి కొత్త కేను అల్లించేను, నాన్న ఫొటో తూర్పు గోడకి పెట్టించేను. సుబ్బాయమ్మత్తగారు గుమ్మందాకా వచ్చి, పాదాలు చీర చెంగుతో తుడుచుకుని మరీ లోపలికి వచ్చింది. పచ్చగోడలు ఇప్పుడు బాగున్నాయట.

వెదురు దోషం పోవడానికి చేయించాల్సింది చేయించేను. ఏమిటని అడగకు. బయటికి చెప్తే ఫలితం ఉండదంట. నీ కాగితం గురించి బెంగపడకు, ఈ ఇంట్లో దానికన్నా భద్రంగా ఉన్న వస్తువు ఇంకోటి లేదు.

ఆగస్టు ఎప్పుడొస్తుందా అని కేలండరు చూస్తూ,
మరిడమ్మ

*

మస్కట్,
26 మే 2001

అక్కా,

వద్దన్నా వేయించేశావు. సందు వదలకుండా వేయించేశావు. సరే, ఆ సంగతి తర్వాత.

ఆ కంపెనీ కాగితం నాకు వెంటనే కావాలి. జిరాక్సు కాదు, అసలుదే. రాజోలు వెళ్ళి రిజిస్టరు పోస్టులో పంపించు. ఆలస్యం చేయకు. ఎందుకని అడగకు. ఇక్కడ ఉత్తరాలు ఆఫీసు బల్ల మీద నుంచే వెళ్తాయి, అన్నీ రాయలేను.

ఉత్తరం అందిన రోజే పంపించు.

హరి

*

మామిడికుదురు,
15 జూన్ 2001

హరిబాబుగారికి,

ఎందుకని అడగకూడదట. నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని నేను. ఎందుకని అడగకుండా నీకు ఇన్నాళ్ళూ ఏం చేయలేదు? అన్నీ చేసేను. కానీ ఇలా హుకుం జారీ చేస్తే మాత్రం అడుగుతాను.

నేల బాగుందని నేను రెండు పేజీలు రాస్తే, నీ నోట ఒక్క మంచిమాట రాలేదు. కాగితం, కాగితం, కాగితం. దాంట్లో పెట్టెలెన్నో రాసి ఉంటుంది కదా? పదకొండూ ఉన్నాయా, సత్యానందమూ నేనూ కలిసి రెండు మాయం చేశామా అని చూడాలా? నాలుగు పలకలు మిగిలేయి, అటక మీద ఉన్నాయి. వచ్చి లెక్కపెట్టుకో.

కాకపోతే ఈ నేల ఇంకెవరికైనా ఇచ్చేద్దామనుకుంటున్నావేమో. అక్కడ ఎవర్నైనా చూసుకున్నావా? ఆ మాటైనా చెప్పు. నేను అడ్డురాను, నా పాత వంటగది నాకుంది.

కాగితం పంపించను. పంపించకూడదు. అది నీ మంచికే ఉన్నచోట ఉంది. నువ్వు వచ్చి హాల్లో అడుగుపెట్టిన రోజున నీ చేతికే ఇస్తాను.

వానలు మొదలయ్యాయి. మోకాళ్ళు బాగాలేవు, అడిగేవాళ్ళు లేరు కాబట్టి చెప్తున్నాను.

మరిడమ్మ

*

మస్కట్,
6 జూలై 2001

అక్కా,

ఈ ఉత్తరం నా గదిలో ఉండే అతను సెలవు మీద వెళ్తూ పట్టుకెళ్తున్నాడు. హైదరాబాదులో దిగి పోస్టు చేస్తాడు. అందుకని దాచకుండా రాస్తున్నాను.

మూడో తారీఖున ఫోను చేసినప్పుడు, కాగితం ఏదక్కా అంటే, "చెద తినేసిందిరా" అన్నావు. వెనకాల సుబ్బాయమ్మత్తగారు ఏదో అంటోంది. నేను ఫోను పెట్టేశాను. కోపంతో కాదు. నా పక్కన స్టోరుకీపరు నిలబడి ఉన్నాడు, నా మొహం వాడికి కనపడకూడదని.

సంగతి ఇది. ఆ పదకొండు పెట్టెలూ నేను దొంగతనం చేశానని కేసు పెడతామంటున్నారు. కొత్త స్టోరుకీపరు పాత పుస్తకాలు తీసి పెట్టెలు తగ్గేయని పట్టుకున్నాడు. యాకోబుగారు ఇచ్చేరని చెప్పేను. కాగితం చూపించమన్నారు. ఆ పెట్టెలు నాకు ఇచ్చినట్టు రాసింది ఆ ఒక్క కాగితమే. యాకోబుగారు ఎక్కడున్నారో ఇక్కడ ఎవరికీ తెలీదు. జిరాక్సు తీసి పెట్టుకోవాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. నా పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉంది. ఆగస్టు సెలవు లేదు. వచ్చే నెల పన్నెండో తారీఖున మేనేజరు పిలిచి అడుగుతాడు. ఆ రోజుకి కాగితం లేకపోతే పోలీసులకి అప్పగిస్తారు. ఎన్నాళ్ళు లోపల ఉంచుతారో తెలీదు. ఇక్కడ ఒకసారి అలా వెళ్ళినవాడు ఎప్పుడొచ్చేడో ఎవరూ చెప్పలేరు.

నీకు చెప్తే నిద్రపోవని దాచేను. దాచినందుకు నీకు వేరే ఏవేవో అనుమానాలు వచ్చేయి. నేను ఎవర్నీ చూసుకోలేదక్కా. చూసుకుంటే ముందు నీకే రాస్తాను.

చెద తినడం నీ తప్పు కాదు. ఆ కాగితం పెట్టెలో పెట్టింది నేను. నువ్వు దాని గురించి కుమిలిపోకు. నాకేమైనా అయితే ఆ హాలు నీది, హాయిగా ఉండు. ఆ నేల మీద నువ్వు నడుస్తున్నావని అనుకుంటే నాకు కాస్త ధైర్యంగా ఉంటుంది.

భయంగా ఉందక్కా. అబద్ధం ఎందుకు చెప్పాలి.

హరి

*

మామిడికుదురు,
24 జూలై 2001

నాయనా హరీ,

చెద తినలేదు. కాగితం ఉంది. ఈ ఉత్తరంతోపాటు నీ చేతికి వస్తుంది. ముందు ఊపిరి పీల్చుకో, తర్వాత చదువు.

ఏప్రిల్లో సుబ్బాయమ్మత్తగారిని అడిగేను, ఇంట్లోకి వెదురు తెస్తే దోషానికి ఏం చేయాలని. సత్యానందం కాక వెదురని ఇంకెవరికీ చెప్పలేదు, ఆవిడకి మాత్రమే చెప్పేను. యజమాని ఊళ్ళో లేకుండా చేసే పని కాబట్టి, యజమాని చేతి గుర్తు ఏదైనా పసుపు రాసి ఈశాన్యం మూల మొదటి పలక కింద పెట్టమంది. యజమాని వచ్చి తన కాలితో తొక్కేదాకా దాన్ని కదపకూడదు, కదిపితే ఆ మనిషికే కీడు అంది. నీ చేతి గుర్తంటే నా దగ్గర నీ ఉత్తరాలే ఉన్నాయి. ఒకటి తీసేను. పెట్టబుద్ధి కాలేదు. ఉత్తరాలు నావి, వాటిని నేల కింద పెట్టి తొక్కలేను. అప్పుడు పెట్టెలో కాగితం కనపడింది. సీలు ఉంది, పెద్ద సంతకం ఉంది. నువ్వు భద్రంగా దాచమన్నావు కూడా. ఇంతకన్నా భద్రమైన చోటు ఏముంటుందనుకున్నాను. పసుపు రాసి, నాలుగు మడతలు పెట్టి ఆ మూల పెట్టి, సత్యానందం చేత దాని మీద మొదటి పలక వేయించేను.

నువ్వు పంపమన్నప్పుడు పంపకపోవడానికి ఇదే కారణం. తీస్తే నీకు కీడు. ఫోనులో ఆవిడ పక్కనే నిలబడి "చెప్పకు మరిడమ్మా, చెప్తే పోతుంది" అంటోంది. నా నోట్లోంచి చెద అని వచ్చేసింది. ఇంటికొచ్చేక చెంపలేసుకున్నాను. నీతో అబద్ధం ఆడడం అదే మొదలు.

దానికితోడు ఈ వానలకి హాలు మధ్యలో నేల పైకి లేచింది. అడుగేస్తే కిర్రుమంటోంది. అర్ధమణ ఇత్తడి బిందె నీళ్ళతో పెట్టినా అణగలేదు. వెదురు లోపలినుంచి లేస్తోందని, ఏదో ముంచుకొస్తోందని అనుకునేదాన్ని. పదిహేడున నీ ఉత్తరం వచ్చింది.

చదివి ఈశాన్యం మూలకి వెళ్ళి కూర్చున్నాను. తీస్తే నీకు కీడంట. తీయకపోతే నువ్వు జైలుకి వెళ్తావు. ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. నాన్న ఫొటో వైపు చూసేను. ఆయనేం చెప్తాడు. సుబ్బాయమ్మత్తగారిని అడుగుదామని వీధిగుమ్మందాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చేను. ఆవిడ తీయకూడదంటే నేను ఆగిపోతానేమోనని భయం వేసింది. కీడు గీడు ఉంటే నా నెత్తిన పడమని ఆ మూలకే గట్టిగా చెప్పేను.

సత్యానందం ఐ.పోలవరంలో ఉన్నాడు, కబురు పంపి వాడు వచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. మొదటి పలక ఒక్కటీ ఊడదీద్దామంటే వీల్లేదు కదా, ఒకదాంట్లో ఒకటి దూరి ఉన్నాయి, చివర వేసినదే ముందు తీయాలి. పడమటి గోడ నుంచి మొదలెట్టేను. అంచు కర్ర పారతో ఊడపెరికి, చివరి వరస లేపేను. అది టప్పుమని నా మొహం మీదకి లేచింది. నలభై వరసలు హరీ. మొదటిరోజు పదకొండు. కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను, అందుకని డేకుతూ తీసేను. రెండోరోజు పద్నాలుగు. వేళ్ళకి పేళ్ళు గుచ్చుకున్నాయి. ఇన్నేళ్ళు పీచు పేనిన చేతులు కాబట్టి ఆగేయి. తలుపు వేసుకునే ఉన్నాను, ఎవరు పిలిచినా జ్వరమని చెప్పేను.

మూడోరోజు మధ్యాహ్నం మొదటి పలక దగ్గరికి వచ్చేను. తీసేముందు నీ పేరు పెట్టి పిలిచేను. ఎందుకో తెలీదు. తర్వాత తీసేశాను.

కింద పరిచిన అట్టలన్నీ చెమ్మకి బూజుపట్టి పొడైపోయాయి. చీమలు, చెద, అన్నీ ఉన్నాయి. నీ కాగితం మాత్రం పసుపు పూసి ఉండడంతో ఒక్క పురుగూ ముట్టలేదు. పచ్చగా ఉంది గానీ అక్షరం చెదరలేదు, సీలు ఉంది, సంతకం ఉంది. హాల్లో కూలబడి ఏడ్చేశాను.

పోస్టుని నమ్మను. మన వెనకవీధి సలోమి ఇరవైఎనిమిదిన మస్కట్‌లో ఇంటిపనికి వెళ్తోంది. ఆ పిల్లకి ఇచ్చేను. పెట్టెలో పెట్టొద్దు, ఒంటి మీదే ఉంచుకో తల్లీ అని చెప్పేను. "ఆయ్ పిన్నిగారూ, నా పాస్‌పోర్టుతోపాటే పట్టుకుంటానండీ" అంది. ఫోను చేసి నీకు చెప్తుంది.

నాకు పలక కదిపిన భయం ఇంకా ఉంది. నువ్వు బాగున్నావని రాసేదాకా ఉంటుంది. తొందరగా రాయి.

హాల్లో వట్టి సిమెంటు మీద కూర్చుని,
అక్క

*

మస్కట్,
20 ఆగస్టు 2001

అక్కా,

బాగున్నాను. ముందు ఆ మాట.

సలోమి వచ్చిన మూడోరోజునే ఆఫీసు గేటు దగ్గరికి వచ్చి కాగితం ఇచ్చింది. పన్నెండున మేనేజరు ముందు పెట్టేను. పచ్చగా ఉండడం చూసి స్టోరుకీపరు ఇది దొంగ కాగితమండీ, పాతగా కనపడాలని రంగు పూసేడు అన్నాడు. మేనేజరు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేడు. పసుపని పోల్చుకున్నాడు. కాగితం అడుగున యాకోబుగారు చేత్తో కేరళ ఇంటి ఫోను నంబరు వేశారు. నేనెప్పుడూ గమనించలేదు. మా ఎదురుగానే ఫోను చేశారు. యాకోబుగారే ఎత్తేరు. నేనే ఇచ్చేను, ఆ పిల్లాడికి దొంగపేరు పెట్టి వేధిస్తున్నారా అని ఆయన కేకలేస్తుంటే గదంతా వినపడింది.

కేసు లేదు. పాస్‌పోర్టు ఇచ్చేశారు. పనిలో ఉండమన్నారు గానీ నేనే వద్దన్నాను. దొంగ అని మూడునెలలు పిలిచిన చోట మళ్ళీ గుడ్డసంచులు కట్టుకుని మోకాళ్ళ మీద కూర్చోలేను. సెప్టెంబరు పంతొమ్మిదిన బయల్దేరుతున్నాను. నాకు పని వచ్చు, రాజోలులో అయినా రామచంద్రపురంలో అయినా చేసుకుంటాను.

నేల లేచింది వెదురు దోషంతో కాదక్కా. వానాకాలం చెమ్మకి పలకలు ఉబ్బుతాయి. గోడ దగ్గర సందు ఉంటే అందులోకి జరుగుతాయి. సత్యానందం సందు లేకుండా బిగించేశాడు, పోవడానికి చోటులేక పైకి లేచేయి. బీటలు వారకపోతే అన్నీ మళ్ళీ పనికొస్తాయి.

ఇంకో సంగతి. ఇది చెప్పాలా వద్దా అని రెండురోజులు ఆలోచించేను. ఆ కాగితం మీద ఉన్న పెద్ద సంతకం నాది కాదు. యాకోబుగారిది. నా పేరు టైపులో ఒకచోట ఉంది, అంతే. నా చేతి గుర్తు దాని మీద ఎక్కడా లేదు.

నీ వేళ్ళకి గుచ్చుకున్న పేళ్ళు తీయించుకున్నావా?

హరి

*

మామిడికుదురు,
3 సెప్టెంబరు 2001

ఒరేయ్ హరీ,

ఉత్తరం చదివి గంటసేపు నవ్వేను. తర్వాత ఎందుకో ఏడుపొచ్చింది. తర్వాత మళ్ళీ నవ్వేను.

అంటే నేను ఇన్నాళ్ళూ పసుపు రాసి, రోజూ పొద్దున్నే దండం పెట్టుకుని కాపాడింది యాకోబుగారినా? ఆయన వచ్చి తొక్కాల్సిన పలకా అది? సుబ్బాయమ్మత్తగారికి చెప్పేను. "ఆయనకి మాత్రం మంచే జరిగింది కదా, నా మాట ఎక్కడ తప్పింది?" అంది. ఆవిడతో ఎవరు గెలుస్తారు. యాకోబుగారికి నా తరఫున ఒక ఉత్తరం రాయి. ఈ వైపు వస్తే మన ఇంట్లో భోజనం చేయాలని రాయి. ఆయన రాసిచ్చిన ఒక్క ముక్కే నిన్ను ఇంటికి పంపిస్తోంది.

పలకలన్నీ తుడిచి హాల్లోనే గోడవారగా పేర్చేను. ఆరు మాత్రం బీటలిచ్చేయి. అటక మీద నాలుగు ఉన్నాయి కాబట్టి ఒక మూల కాస్త వెలితి ఉంటుంది, దాని మీద కుర్చీ వేసుకుందాం. సత్యానందం మొన్న వచ్చి చూసి, నాదే తప్పండీ, సందు ఎంత వదలాలో హరిబాబుగారు చెప్తే నేర్చుకుంటానండీ అన్నాడు. పేళ్ళు తీసింది కూడా అతనే. ఒకటి ఇంకా ఉంది, నువ్వొచ్చి తీయి.

వెదురంటే నాకు భయం పోయిందని అబద్ధం చెప్పను. నలభై వరసలు ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకుని తీసేక, మునుపటంత లేదు. రెండుసార్లు బయటికి వెళ్ళింది, ఒక్కసారి లోపలికి వస్తే రానీ.

ఈశాన్యం మూల మొదటి పలక చోటు అలాగే ఖాళీగా ఉంచేను. ఈసారి కింద ఏమీ పెట్టను. ఎవరి సంతకమూ వద్దు. నువ్వు ఆ పలక వేసి జరుగు, దాని మీద ముందు నేను నిలబడతాను. తర్వాత నువ్వు నిలబడు.

బస్సు దిగి ఎక్కడా ఆగకుండా నేరుగా ఇంటికి రా. చెప్పులు అరుగు మీదే వదిలేయ్.

అక్క